గురకకు పంటి ప్లేటా, మాస్కు మిషనా, క్లిప్పులా: ఏది ఎవరికి?

మే నెలలో కర్నూలులో మిద్దె మీద పడుకుంటే పక్కింటి గురక కూడా వినబడుతుంది. మా ఆయన గురక అయితే వీధి చివరి ఇంటిదాకా తెలుసు. కానీ నన్ను భయపెట్టింది గురక కాదు, మధ్యలో అది ఆగిపోవడం. పొట్ట, రొమ్ము పైకీ కిందికీ కొట్టుకుంటూనే ఉంటాయి, గాలి మాత్రం లోపలికి పోదు. ఒక రాత్రి ఫోన్‌లో టైమర్ పెట్టి చూశాను. 24 సెకన్లు. తర్వాత గొంతులో ఏదో పట్టు వదిలినట్టు పెద్ద శబ్దం, ఒళ్లంతా ఒక్క కుదుపు, మళ్లీ గురక. ఆ గంటలో అలాంటివి పదకొండు లెక్కపెట్టి, ఇక లెక్కపెట్టే ధైర్యం లేక ఆపేశాను.

ఆయన పని మీద వారానికి రెండుసార్లు అనంతపురం కారులో వెళ్లొస్తారు. ఒకరోజు డోన్ దాటాక కునుకు పట్టి, కారు డివైడర్ వైపు పోతుంటే పక్కనున్న మా మరిది స్టీరింగ్ పట్టుకున్నాడు. ఆ రోజుతో "అందరూ గురక పెడతారులే" అనే మాట మా ఇంట్లో బంద్ అయింది. నిద్రలో గొంతు దారి మూసుకుని ఇలా శ్వాస ఆగే జబ్బును స్లీప్ అప్నియా అంటారు.

అప్పటినుంచి రెండేళ్లలో మా ఇంటికి ఆన్‌లైన్‌లో కొన్న ప్లేటు ఒకటి, డాక్టరు కొలత తీసి చేయించిన ప్లేటు ఒకటి, నెల రోజులు అద్దెకు తెచ్చిన మాస్కు మిషను, మా పాపకు అంగిలి వెడల్పు చేసే స్క్రూ వచ్చాయి. ఎవరైనా "గురకకు ఏది మంచిది?" అని అడిగితే నేను ముందు అడిగేది ఒక్కటే: నిద్ర పరీక్ష చేయించారా?

వస్తువు కన్నా ముందు నంబరు

నిద్రలో గంటకు ఎన్నిసార్లు శ్వాస ఆగింది, లేదా బాగా తగ్గిపోయింది అని లెక్క తీస్తారు. కనీసం పది సెకన్లు ఉంటేనే అది లెక్కలోకి వస్తుంది. పెద్దవాళ్లలో గంటకు 5 లోపు అయితే మామూలు. 5 నుంచి 15 వరకు తక్కువ స్థాయి, 15 నుంచి 30 మధ్యస్థం, 30 దాటితే తీవ్రం. ఆసుపత్రిలో ఒక రాత్రి పడుకోబెట్టి తలకు కూడా వైర్లు పెట్టి చేసే పరీక్ష పూర్తి పరీక్ష. ఇంటికి ఇచ్చి పంపే చిన్న మిషను కూడా ఉంది. వేలికి క్లిప్పు, ముక్కు కింద సన్న గొట్టం, రొమ్ముకు బెల్టు, అంతే. ఈ ఇంటి పరీక్ష మీరు నిజంగా ఎంతసేపు నిద్రపోయారో చూడదు. మిషను ఆన్‌లో ఉన్న టైం అంతటినీ నిద్ర కిందే లెక్కేస్తుంది, అందుకని నంబరు ఉన్నదానికన్నా తక్కువ చూపించొచ్చు. లక్షణాలు గట్టిగా ఉండి ఇంటి పరీక్షలో ఏమీ లేదని వస్తే, అక్కడితో వదిలేయకుండా ఆసుపత్రి పరీక్షకు వెళ్లడం మంచిది.

మా ఆయనకు 23 వచ్చింది. ఆ నంబరు లేకుండా ఏ ప్లేటు కొన్నా చీకట్లో చెప్పులు వెతుక్కున్నట్టే.

రెండోది, అడ్డు ఎక్కడ పడుతోంది? ముక్కు దూలం వంకర, అలర్జీ, అడినాయిడ్స్ (ముక్కు వెనక ఉండే కండ), పెద్ద టాన్సిల్స్, మెత్తని అంగిలి, నాలుక వెనక భాగం, ఇలా ఎక్కడైనా కావచ్చు. బేతంచెర్లలో బండల పాలిష్ దుమ్ములో పనిచేసే మా పెద్దమ్మ కొడుక్కి ఏడాది పొడుగునా ముక్కు దిబ్బడే. ముందు ఆ ముక్కు సంగతి చూడకుండా నోట్లో ఏం పెట్టినా అతనికి నిలవదు. అందుకే మొదట ఈఎన్‌టీ డాక్టరుకు చూపించుకోండి.

ఆన్‌లైన్ ప్లేటు, కొలతిచ్చి చేయించిన ప్లేటు

ప్లేటు ఎలా పనిచేస్తుందో ఇప్పుడే తెలుసుకోవచ్చు. కూర్చున్నచోటే నోటితో గురక శబ్దం చేయండి. ఇప్పుడు కింది దవడను బాగా ముందుకు చాపి, అదే శబ్దం చేయడానికి చూడండి. చాలామందికి శబ్దం సరిగా రాదు. నాలుక కింది దవడకే అతుక్కుని ఉంటుంది కాబట్టి దవడ ముందుకొస్తే నాలుకా ముందుకొస్తుంది, గొంతులో వెనక దారి తెరుచుకుంటుంది. రాత్రంతా దవడను అలా పట్టి ఉంచడమే ప్లేటు పని.

మేము మొదట ఆన్‌లైన్‌లో రూ. 1,400 పెట్టి కొన్నాం. వేడినీళ్లలో ముంచి, మెత్తబడ్డాక నోట్లో పెట్టుకుని కొరికితే పళ్ల అచ్చు పడుతుంది. లావుగా ఉండి పెదాలు మూసుకోవు, దిండు తడిసిపోయేది. రెండు మూడు గంటలకల్లా ఊడి దుప్పట్లో దొరికేది. అన్నిటికన్నా పెద్ద లోపం, దవడ ఎంత ముందుకు రావాలో అందులో కొద్దికొద్దిగా సరిచేసుకునే వీలుండదు. రెండు రకాలనూ పోల్చి చూసిన అధ్యయనాల్లో కూడా కొలత తీసి చేసినదే బాగా పనిచేసింది. "ముందు చౌకది వాడి చూద్దాం, పనిచేస్తే మంచిది చేయించుకుందాం" అనే లెక్క కూడా పొరపాటే. చౌకది పనిచేయకపోతే మంచిది కూడా పనిచేయదని అర్థం కాదు. మేము అలా అనుకునే నాలుగు నెలలు పోగొట్టుకున్నాం.

చేయించిన ప్లేటులో పై పళ్లకొకటి, కింది పళ్లకొకటి, పక్కల్లో చిన్న స్క్రూలు ఉంటాయి. మీరు దవడను గరిష్ఠంగా ఎంత ముందుకు చాపగలరో కొలిచి, అందులో సుమారు సగం నుంచి మూడింట రెండొంతుల దగ్గర మొదలుపెడతారు. తర్వాత మిల్లీమీటరులో కొంత చొప్పున ముందుకు జరుపుతూ పోతారు. మా ఆయనకు సరైన చోటు దొరకడానికి తొమ్మిది వారాలు పట్టింది. ఖర్చు రూ. 28,000.

అందరి నోటికీ ఇది కుదరదు, ఈ ముక్క ఎవరూ ముందు చెప్పరు. పట్టు దొరకాలంటే రెండు దవడల్లోనూ గట్టి పళ్లు తగినన్ని ఉండాలి. షుగర్ వల్ల చిగుళ్లు వదులై పళ్లు కదులుతుంటే ప్లేటు ఆ పళ్లను ఇంకా లాగేస్తుంది, ముందు చిగుళ్ల వైద్యం చేయించుకోవాలి. చెవి ముందు దవడ కీలు టక్కుమని నొప్పెడుతుంటే జాగ్రత్త. మన వైపు ఇంకో సమస్య ఉంది: గుట్కా, వక్కపొడి ఏళ్ల తరబడి నమిలినవాళ్లకు బుగ్గలు లోపల గట్టిపడి నోరు రెండు వేళ్లు కూడా తెరుచుకోదు. వాళ్లకు అచ్చు తీయడమే కష్టం, ముందు ఆ జబ్బుకే వైద్యం కావాలి. పూర్తి కట్టుడు పళ్లున్న ముసలివాళ్లకు దవడ ప్లేటు కాకుండా, నాలుకను చూషణతో ముందుకు పట్టి ఉంచే రబ్బరు తొడుగు లాంటిది ఉంది. అలవాటు పడటం కష్టమే.

పొద్దున సంగతి కూడా చెప్పాలి. ప్లేటు తీయగానే వెనక పళ్లు ఒకదానికొకటి తగలవు. మొదట్లో మా ఆయన ఉగ్గాని తినగలిగేవారు, పక్కనున్న మిరపకాయ బజ్జీని మాత్రం కొరకలేక వేళ్లతో తుంచుకునేవారు. డాక్టరు ఒక చిన్న గట్టి ముక్క ఇచ్చి, ప్లేటు తీశాక పది నిమిషాలు దాన్ని వెనక పళ్లతో కొరికి పట్టుకోమన్నారు. దాంతో స్నానం అయ్యేలోపు పళ్లు కలుస్తున్నాయి. కానీ ఏళ్లు గడిచేకొద్దీ పై ముందుపళ్లు కొద్దిగా వెనక్కి, కింది ముందుపళ్లు ముందుకు ఒరగడం జరుగుతుంది. పై పళ్లు బాగా ఎత్తుగా ఉన్నవాళ్లకు అది పెద్ద ఇబ్బంది కాకపోవచ్చు. పైవీ కిందివీ ఇప్పటికే అంచుకు అంచు తగిలేవాళ్లు మాత్రం రెండుసార్లు ఆలోచించాలి. మొదలుపెట్టే రోజే పళ్ల అచ్చులు, ఫోటోలు తీసి పెట్టమని డాక్టరును అడగండి. అవి లేకపోతే మూడేళ్ల తర్వాత ఏం మారిందో తేల్చలేరు.

పళ్లు కొరికే అలవాటుకు ఇచ్చే నైట్ గార్డు వేరు. అది దవడను ముందుకు తేదు. దాంతో గురక తగ్గుతుందని పెట్టుకోకండి, కొందరిలో శ్వాస ఇబ్బంది పెరగొచ్చు కూడా.

ప్లేటు, మాస్కు మిషను

ముక్కు మీద మాస్కు పెట్టుకుంటే మిషను గాలిని కొంచెం ఒత్తిడితో పంపి గొంతు దారి మూసుకోకుండా చూస్తుంది. ఆస్ట్రేలియా డాక్టరు కోలిన్ సలివన్ 1981లో దీన్ని లోకానికి చెప్పారు. మొదటి మిషనులో వాక్యూమ్ క్లీనర్ మోటారు వాడారు. నంబరును తగ్గించడంలో ఇప్పటికీ దీన్ని మించింది లేదు. మేము అద్దెకు తెచ్చిన నెలలో మా ఆయన నంబరు 3కు వచ్చింది. ప్లేటుతో 8 కన్నా కిందికి రాలేదు.

అయినా మేము ప్లేటే ఉంచుకున్నాం. ఎందుకంటే మిషను పెట్టుకున్నది రాత్రికి సగటున మూడున్నర గంటలే. వారంలో ఎక్కువ రాత్రులు కనీసం నాలుగు గంటలు పెట్టుకుంటేనే డాక్టర్లు సరిగ్గా వాడినట్టు లెక్కేస్తారు. ప్లేటును ఆయన ఆరున్నర గంటలు ఉంచుకుంటున్నారు. తక్కువ, మధ్యస్థ స్థాయి వాళ్లలో రెండింటినీ పోల్చిన అధ్యయనాలూ ఇదే చూపించాయి: మిషను నంబరును ఎక్కువ తగ్గిస్తుంది, ప్లేటును జనం ఎక్కువసేపు వాడతారు, చివరికి పగటి నిద్రమత్తు, బీపీ విషయంలో ఫలితం దగ్గరదగ్గరగా వస్తుంది.

మిషను తెచ్చుకునేవాళ్లు మన ఊళ్ల సంగతులు కూడా చూసుకోవాలి. కరెంటు పోతే మిషను ఆగుతుంది, ఇన్వర్టర్ ఉండాలి. శ్రీశైలం, మహానంది సత్రాల్లో పడుకునే రాత్రికి ప్లగ్గు ఎక్కడుందో ముందే చూసుకోవాలి. దుమ్ముకు ఫిల్టరు తొందరగా నల్లబడుతుంది, కంపెనీ చెప్పిన గడువు దాకా ఆగకుండా మార్చండి. మీసం ఒత్తుగా ఉంటే మాస్కు అంచు కింద నుంచి గాలి పోతుంది. మీసం తీయక్కర్లేదు, ముక్కు రంధ్రాలకు మాత్రమే తగిలే చిన్న దిండ్ల రకం అడగండి. ఒక రకం మాస్కు నచ్చకపోతే మిషనునే వదిలేసేవాళ్లు ఎక్కువ, రెండు మూడు రకాలు చూసి కానీ ఆ నిర్ణయానికి రావద్దు.

నా అభిప్రాయం గట్టిగానే చెప్తాను. నంబరు 30 దాటినా, రాత్రి ఆక్సిజన్ బాగా పడిపోతున్నా, గుండె జబ్బున్నా, బండి నడిపే ఉద్యోగమైనా ముందు మిషనే. లారీ, బస్సు నడిపేవాళ్లు "ప్లేటు చాలు" అని సొంతంగా తేల్చుకోవద్దు. ఎన్ని మాస్కులు మార్చినా మిషను ససేమిరా కుదరదంటే, అప్పుడు ఏమీ లేకుండా పడుకునే కన్నా ప్లేటు మేలు. 5 నుంచి 30 మధ్య ఉండి, పళ్లు గట్టిగా ఉండి, వెల్లకిలా పడుకున్నప్పుడే ఎక్కువ ఇబ్బంది పడేవాళ్లకు ప్లేటు మంచి ఎంపిక.

రెండింటిలో ఏది వాడినా బరువు సంగతి మర్చిపోవద్దు. 2000లో అమెరికాలో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో పది శాతం బరువు తగ్గితే నంబరు సుమారు 26 శాతం తగ్గింది, పది శాతం పెరిగితే 32 శాతం పెరిగింది. మద్యం తాగిన రాత్రి గొంతు కండరాలు ఇంకా సడలుతాయి. పక్కకు తిరిగి పడుకోవడానికి పైసా ఖర్చు లేదు. నాలుకకు, గొంతుకు వ్యాయామాలు కూడా వట్టి మాటలు కావు. 2009లో బ్రెజిల్‌లో రోజుకు అరగంట చొప్పున మూడు నెలలు చేయించి చూస్తే సగటు నంబరు సుమారు 22 నుంచి 14కు తగ్గింది. అంత ఓపిక ఉంటే ప్లేటుతోపాటు చేయండి, ప్లేటుకు బదులుగా మాత్రం కాదు.

పెద్దవాళ్లకు క్లిప్పులు

ఒక క్లినిక్‌లో మా ఆయనకు క్లిప్పులు వేస్తే గురక పోతుందని చెప్పి రూ. 65,000 ఎస్టిమేట్ రాసిచ్చారు. అప్పటికి ఏ పరీక్షా చేయలేదు. నేను ఆ కాగితం తీసుకుని ఇంకో ఆర్థోడాంటిస్టు (పళ్ల వరస సరిచేసే డాక్టరు) దగ్గరికి వెళ్తే ఆయన, "పళ్లు వరసగా రావడానికి వేస్తానమ్మా, గురక కోసమైతే వెయ్యను" అన్నారు. అమెరికా ఆర్థోడాంటిస్టుల సంఘం 2019లో ఇచ్చిన నివేదిక కూడా అదే దారిలో ఉంది: మామూలు క్లిప్పుల వైద్యం ఈ జబ్బును తెస్తుందనడానికి ఆధారం లేదు, పళ్లు తీసి క్లిప్పులు వేస్తే గొంతు ఇరుకై జబ్బు వస్తుందనే భయానికీ ఆధారం లేదు. ఆ భయంతో కూతురి క్లిప్పులు ఆపేసిన మా వదినకు కూడా ఇదే చెప్పాను.

అనంతపురం జిల్లాలో ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగి, పళ్ల మీద గోధుమరంగు మచ్చలున్నవాళ్లు ఒకటి గమనించాలి. ఆ పంటి పైపొర మీద క్లిప్పుల జిగురు సరిగా పట్టదు, మాటిమాటికి ఊడొచ్చు. మొదటి రోజే డాక్టరుకు చెప్తే దానికి తగ్గట్టు చేస్తారు.

పెద్దవాళ్ల అంగిలిని స్క్రూలతోనో ఆపరేషన్‌తోనో వెడల్పు చేసే పద్ధతులున్నాయి. అవి పై దవడ నిజంగా ఇరుకుగా ఉన్నవాళ్లకే. రెండు దవడలనూ ముందుకు జరిపే ఆపరేషన్ తీవ్రమైన జబ్బుకు బాగా పనిచేస్తుంది కానీ పెద్ద ఆపరేషన్, మిషను కుదరనివాళ్లు పెద్ద సెంటర్లలో మాట్లాడాల్సిన సంగతి.

పిల్లల లెక్క వేరు

మా పాపకు తొమ్మిదేళ్లు. నోరు తెరిచి, మెడ వెనక్కి వాల్చి పడుకునేది. వాళ్ల నాన్న గురక హోరులో దాని చిన్న గురకను నేను రెండేళ్లు పట్టించుకోలేదు. క్లాసులో కిటికీ వైపు చూస్తూ ఉంటుందని టీచరు చెప్పాక కానీ కదల్లేదు. పిల్లల్లో గంటకు 1 దాటితేనే మామూలు కాదు. పెద్దవాళ్ల నంబర్లు వాళ్లకు పనికిరావు.

పిల్లలకు మొదటి గుమ్మం ఈఎన్‌టీనే, పళ్ల డాక్టరు కాదు. టాన్సిల్స్, అడినాయిడ్స్ పెద్దగా ఉంటే తీసేయడమే ముందు వైద్యం. అయితే అందరికీ తొందర అక్కర్లేదు. 2013లో అమెరికాలో 5 నుంచి 9 ఏళ్ల పిల్లల మీద చేసిన అధ్యయనంలో, ఆపరేషన్ చేసినవాళ్లలో 79 శాతం మందికి ఏడు నెలల్లో పరీక్ష మామూలుకు వచ్చింది. ఆపరేషన్ చేయకుండా గమనిస్తూ ఉన్నవాళ్లలో కూడా 46 శాతం మందికి వచ్చింది. జబ్బు ఎంత ఉందో చూసి డాక్టరుతో మాట్లాడుకోవచ్చు.

మా పాపకు టాన్సిల్స్ చిన్నవే. పై దవడ ఇరుకై, వెనక పై పళ్లు కింది పళ్లకు లోపలివైపు పడుతున్నాయి. అందుకని అంగిలికి స్క్రూ పెట్టారు. అంగిలి మధ్యలో ఎముక అతుకు ఒకటి ఉంటుంది, యుక్తవయసు దాకా అది పూర్తిగా బిగుసుకోదు. స్క్రూ ఆ అతుకును మెల్లగా విడదీస్తుంది. నోటి పైకప్పే ముక్కుకు నేల కాబట్టి ముక్కు లోపల కూడా చోటు పెరుగుతుంది.

తాళం తిప్పే పని నాది. రోజూ పొద్దున, రాత్రి వంటింటి ట్యూబ్‌లైటు కింద పాప తల నా ఒళ్లో పెట్టుకుని, సన్న తీగ తాళాన్ని రంధ్రంలో దూర్చి, ముందు నుంచి గొంతు వైపుకు నెట్టాలి. తర్వాతి రంధ్రం కనబడేదాకా నెడితేనే ఒక తిప్పు పూర్తయినట్టు. తిప్పుకు పావు మిల్లీమీటరు. తాళానికి దారం కట్టి నా వేలికి చుట్టుకునేదాన్ని, జారితే గొంతులోకి పోతుందని భయం. ఐదో రోజుకు ముందుపళ్ల మధ్య సందు వచ్చింది. పాప అద్దంలో చూసి ఏడ్చింది. అతుకు విడుతోందనడానికి అదే గుర్తని డాక్టరు ముందే చెప్పారు కాబట్టి నాకు టెన్షన్ లేకపోయింది. కొన్ని వారాల్లో దానంతటదే కలిసిపోయింది. పన్నెండు రోజులు తిప్పి ఆపాం, ఆరు నెలలు అలాగే ఉంచారు, కొత్త ఎముక గట్టిపడటానికి. ఆ నెలల్లో పల్లీ చిక్కీ బంద్. జొన్న రొట్టె తింటే స్క్రూ కింద ఇరుక్కునేది, సిరంజితో నీళ్లు కొట్టి కడిగేదాన్ని.

ఇప్పుడు పాప పెదాలు మూసుకుని పడుకుంటోంది. అయినా అంగిలి వెడల్పు సరిపోయిన పిల్లకు, గురక పెడుతుందని ఈ స్క్రూ పెట్టించకండి. దాని పని ఇరుకైన దవడను సరిచేయడం. ముక్కు సరిగా ఆడని పిల్లల పెదాలకు టేపు వేసే పద్ధతి మాత్రం అస్సలు వద్దు.

ఎక్కడ చూపించుకోవాలి, తర్వాత ఏం చూడాలి

కడపలో రిమ్స్ దగ్గర ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది, కర్నూలులో జి. పుల్లారెడ్డి దంత కళాశాల ఉంది. కాలేజీ ఆసుపత్రుల్లో రోజులు ఎక్కువ పడతాయి, ఖర్చు సాధారణంగా తక్కువ, నాలుగు విభాగాల డాక్టర్లు ఒకేచోట ఉంటారు. ఎక్కడికెళ్లినా నిద్ర పరీక్ష రిపోర్టు చేతిలో పెట్టుకుని వెళ్లండి. రిపోర్టు అడగకుండానే ప్లేటు కొలత తీస్తామంటే లేచి వచ్చేయండి.

ప్లేటును మామూలు నీళ్లతో, మెత్తటి బ్రష్‌తో కడగాలి. వేడినీళ్లు తగిలితే వంకరపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో మూసిన కారులో డాష్‌బోర్డు మీద వదిలినా అంతే, మాకు ఒకసారి కింది ప్లేటు అలాగే పాడైంది.

ఇంకో ముఖ్యమైన సంగతి, గురక ఆగింది కదా అని పరీక్ష మానేయవద్దు. శబ్దం పోయినా శ్వాస ఆగడం మిగిలి ఉండొచ్చు. ప్లేటు స్క్రూలు తిప్పి దవడ సరైన చోటికి వచ్చాక, ప్లేటు నోట్లో పెట్టుకునే మళ్లీ నిద్ర పరీక్ష చేయించాలి. మా ఆయనకు 8 అని తెలిసింది అలాగే. 5 లోపుకు రాలేదు కాబట్టి డాక్టరు ఇంకో అర మిల్లీమీటరు ముందుకు జరిపారు, ఆరు కిలోల బరువు తగ్గమన్నారు. ఇప్పటికి నాలుగు కిలోలు తగ్గారు. తర్వాతి పరీక్ష వినాయక చవితి అయ్యాక.